పెదనాన్న నడక

కడియంలో నర్సరీ నడిపిన మా పెదనాన్నగారు మొన్న తెల్లవారుతుండగా వెళ్లిపోయారు. మీలో ఎవరైనా ఆయన దగ్గర గులాబీ అంటు కొని ఉంటే ఆయన గుర్తుండే ఉంటారు. కొన్న మొక్క ఎలా ఉందో ఫోన్ చేసి మరీ అడిగే మనిషి. మొక్క చచ్చిపోయిందని చెబితే తిట్లు తప్పవు.

ఆయనది పాంక్రియాస్ క్యాన్సర్. అంతకుముందు ఆయన చెల్లెలు, మా మేనత్తదీ అదే జబ్బు. ఒకరోజు ఆమె ఎడమ పిక్క వాచింది. రోజంతా మొక్కల్లో నిలబడ్డందుకు నీరు దిగిందనుకుని, ఇంట్లోవాళ్లు వెచ్చటి ఆముదం రాసి గట్టిగా మర్దన చేశారు. హాయిగా ఉందని నవ్విందట. సాయంత్రం ఏదో చెప్పబోతూ, మాట మధ్యలోనే ఆయాసంతో ఒరిగిపోయింది. కాలిలో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తులకు చేరిందని తర్వాత తెలిసింది.

"ఈ జబ్బులో రక్తం త్వరగా గడ్డకడుతుందండి. గడ్డ కట్టకుండా ఇంజెక్షన్లు రాస్తాను, రోజూ నడుస్తూ ఉండండి. ఒక కాలు వాస్తే మాత్రం రుద్దకండి, వెంటనే వచ్చేయండి," అన్నారు రాజమండ్రి డాక్టరుగారు. క్యాన్సర్ అన్నప్పుడు బెదరని పెదనాన్న అప్పుడు బెదిరారు.

"పోవడానికి భయం లేదమ్మాయ్. చెల్లిలాగా చెప్పకుండా పోతానేమోనని," అన్నారు కారులో.

రోజూ పొద్దున్నే పొట్టమీద ఇంజెక్షన్ నేనే ఇచ్చేదాన్ని. ఆ తర్వాత హవాయి చెప్పులేసుకుని గులాబీ వరసల మధ్య ఆయన నడక. చూడటానికి వచ్చినవాళ్లకు కుర్చీ వేయనిచ్చేవారు కాదు. "రండి బావగారూ, నడుస్తూ మాట్లాడుకుందాం," అనేవారు. నేను నిలబడితే, "ఆగకమ్మాయ్, నడు," అని వెనకనుంచి కసిరేవారు. ఒక్కోసారి వంగి, ఎడమ పిక్కను బొటనవేలితో నొక్కి, ఏదో వింటున్నట్టు ఉండిపోయేవారు.

"ఇది నా కాలు కాదు, చెల్లిది," అన్నారొకసారి.

గడ్డ రాలేదు. క్యాన్సరే తీసుకుపోయింది. ఆఖరి రోజున ఒక్కొక్కరినీ పిలిచి, చెయ్యి పట్టుకుని, చెప్పాల్సినవన్నీ చెప్పారు. ఆ మాటలు దక్కినందుకు ఆ ఇంజెక్షన్లకు దండం పెట్టుకుంటాను.

పరామర్శకు వచ్చినవాళ్లు కుర్చీల్లో కూర్చోలేదు. ఎవరూ చెప్పకుండానే ఒక్కొక్కరుగా వరసల్లోకి నడిచారు.

ఈ ఉదయం నేనూ వెళ్లాను. తడిమట్టిలో నా వెనక హవాయి చెప్పుల చప్పుడు. ఆగాను. చప్పుడూ ఆగింది. నా ఎడమ పిక్కను ఎవరో బొటనవేలితో నొక్కినట్టయింది, చల్లగా.

వెనక్కి చూడలేదు. నడిచాను.