చప్పుడు కాకుండా

విద్యాసాగర్‌కు కోపం రావడం అశోక్ నగర్ గల్లీలో ఎవరూ చూడలేదు. ఎదుటివాడు తన కాలు తొక్కినా తనే సారీ చెప్పే రకం. అంత మంచితనం చివరికి ఇంట్లోవాళ్ల మీదికే వస్తుందని ఆయనకు తెలియదు.

నారాయణగూడలో ఒక ప్రైవేటు కాలేజీ ఆఫీసులో గుమాస్తా. వయసులో ఉన్నప్పుడు గ్రూప్ పరీక్షలు రాసీ రాసీ వదిలేసిన మనిషి. అప్పటి నుంచి పుస్తకం పట్టుకున్న వాడెవడు కనపడినా ఆయనకు ఒకటే భక్తి. అందుకే ఇంటి పై వాటా పరీక్షలకు చదివే పిల్లలకే కిరాయికిచ్చేవాడు. 2010లో సిద్దిపేట దగ్గరి పల్లె నుంచి క్రాంతికుమార్ తన స్నేహితులతో అందులో దిగాడు.

ఆ ఏడే కొడుకు సృజన్ మృదంగం నేర్చుకుంటానన్నాడు. తొమ్మిదేళ్లవాడు. చిక్కడపల్లిలో ఏదో కచేరీకి తల్లి దమయంతి వెంట వెళ్లి, పాడే ఆవిడను వదిలేసి మృదంగం వైపే నోరు తెరుచుకుని చూశాడట. ఇక్కడిదాకా తండ్రికి వంక పెట్టడానికి లేదు. మంచి మృదంగం కొన్నాడు. చిక్కడపల్లిలోనే మాస్టారిని వెతికి పట్టాడు. బందులున్న రోజుల్లో కూడా స్కూటర్ మీద సందులు తిప్పి పిల్లవాణ్ణి పాఠానికి చేర్చేవాడు. అది అయ్యేదాకా బయట మెట్ల మీద కూర్చునేవాడు. వాడు మొదటిసారి సరిగ్గా పలికించిన ‘తోం’ ఇల్లంతా మోగితే ఈయన కళ్లు చెమర్చాయి.

ఒక సాయంత్రం వాడు సాధన చేస్తుండగా క్రాంతికుమార్ మెట్లు దిగి గుమ్మం ముందు నిలబడ్డాడు. అతను నోరు తెరవకముందే విద్యాసాగర్ చేతులు జోడించినంత పని చేశాడు. “మాఫ్ చెయ్ బాబు, మీ చదువు ఖరాబైతుంది. రేపటి సంది చప్పుడు రాదు” అన్నాడు. ఆ కుర్రాడు ఏదో అనబోయి, తలూపి పైకి వెళ్లిపోయాడు.

మర్నాటి నుంచి మృదంగానికి రెండు వైపులా, చర్మం మీద మడతపెట్టిన దుప్పటి గుడ్డలు. వినపడట్లేదని సృజన్ గునిసేవాడు. పైన అన్నలు చదువుకుంటున్నారు, వేళ్లు తిరిగితే చాలు బిడ్డా అని తండ్రి సముదాయించేవాడు. గుడ్డ జారి ఒక్క దెబ్బ పైకి మోగిందా, ఏ గదిలో ఉన్నా ‘ఉష్’ అంటూ వచ్చేసేవాడు. కొట్టలేదు, తిట్టలేదు. ఆ ‘ఉష్’ ఒక్కటే. దమయంతి ఊరుకోలేదు. పైవాళ్లను ఒక్క మాట అడగరాదా అని రోజూ పోరింది. అడిగితే మొహమాటానికి పర్వాలేదంటారు, మనమే ఎరిగి మసులుకోవాలి అన్నాడాయన. అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఈయన ఎవరూ అడక్కుండానే కొడుకు కంచంలోది తీసి పక్కవాడికి పెట్టాడు.

గుడ్డ మీద ఎంత కొట్టినా పలకదు కనుక వాడు ఇంట్లో ఇంకా గట్టిగా బాదేవాడు. మాస్టారి ముందు కూర్చుంటే మాత్రం తన మోతకు తనే ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి లాక్కునేవాడు. ఆయన చాలాకాలం ఓపిక పట్టారు. 2013లో శిష్యులతో కచేరీ పెట్టినప్పుడు తోటి పిల్లలందరికీ చోటిచ్చి సృజన్‌ను పక్కన పెట్టారు. విద్యాసాగర్ వెళ్లి కారణం అడిగాడు.

“లెక్క తప్పడు. వేళ్లూ తిరుగుతాయి. కానీ నాదం పలికే ముందే చెయ్యి బిగుసుకుపోతోంది” అన్నారు మాస్టారు. తర్వాత గొంతు తగ్గించి, “ఇంట్లో వీణ్ణి ఎవరైనా కొడతారా?” అని అడిగారు.

లేదని విద్యాసాగర్ తల అడ్డంగా ఊపాడు. గుడ్డల మాట చెప్పడానికి నోరు రాలేదు.

ఆ నెలాఖరుకే క్రాంతికుమార్ గది ఖాళీ చేశాడు. నోటిఫికేషన్ రాదు, వయసు ఆగదు, ఊళ్లో ఏదో ప్రైవేటు బడిలో చేరుతున్నానన్నాడు. తాళం చేతికిస్తూ, బాబు మృదంగం ఎందుకు మానేశాడని అడిగాడు. చదివీ చదివీ తల వాచిపోయే వేళకు కింద ఆ చప్పుడు వినపడితే పానం నిమ్మళంగా ఉండేదన్నాడు.

మరి ఆనాడు గుమ్మంలోకి ఎందుకొచ్చావని విద్యాసాగర్ మెల్లగా అడిగాడు.

“నీళ్లు వస్తలేవు, మోటర్ వెయ్యమని చెప్దామని వచ్చిన అంకుల్. మీరే ఏందో అన్నరు, నాకు సమజ్ కాలే.”

విద్యాసాగర్ గబగబా లోపలికి వచ్చి గుడ్డలు లాగి పారేశాడు. కిటికీలన్నీ తెరిచాడు. కొడుకును కూర్చోబెట్టి, వాయించు బిడ్డా, గల్లీ అంతా వినపడాలె అని బతిమాలాడు. సృజన్ చాలాసేపు చేతులు ఒళ్లోనే పెట్టుకుని, చివరికి ఒక్క దెబ్బ వేశాడు. ఇల్లు మోగింది. వెంటనే వాడు అరచేత్తో చర్మాన్ని అదిమి పట్టి, బిక్కచచ్చిన మొహంతో తండ్రి వైపు చూశాడు.

“చప్పుడైతే భయమైతుంది డాడీ” అన్నాడు.

లేచి వెళ్లి పుస్తకాల ముందు కూర్చున్నాడు. వాడు మళ్లీ మృదంగం ముట్టలేదు. ముట్టమని చెప్పే నోరు విద్యాసాగర్‌కూ లేకపోయింది.