సారాబట్టీలో అత్త నేర్పిన వేషం

మా పక్కింటి అత్త పోయింది. శుక్రవారం పొద్దున్నే వాళ్ళమ్మాయి వచ్చి తలుపు కొట్టి, "అమ్మ లేవట్లేదు బావా" అంది. నేను వెళ్ళేసరికే ఒళ్ళు చల్లబడిపోయింది.

నరసరావుపేటలో దొరల కాలంనాటి సారాబట్టీని మా నాటకబృందం నాటకశాలగా మార్చుకున్న సంగతి, మా నాటకాలు చూసే మీకు తెలుసు. అందులో నేను వేసిన తాగుబోతు వేషాన్ని మీలో చానామంది మెచ్చుకున్నారు. ఎక్కడ నేర్చుకున్నావని అడిగితే "అంతా పరిశీలనే" అనేవాణ్ణి. అబద్ధం. నేర్పింది అత్త. ఆమె బతికుండగా ఆ మాట చెప్పలేదు.

అత్త భర్త ఆ బట్టీలోనే పనిచేశాడు. అక్కడే తాగుడు మరిగి, నలభై నిండకుండానే కడుపుబ్బి పోయాడు. అత్త మిరపకోతలకు పోయి పిల్లను పెంచింది. మేం బట్టీ గోడలకు సున్నం కొట్టిస్తుంటే చూసి, "గోడ తెల్లబడుద్ది సరే, వాసన పోద్దా?" అంది. పోలేదు. వాన పడితే ఇప్పటికీ పులిసిన బెల్లం వాసనే.

మా ఆవిడ ఊళ్ళో లేకపోతే అత్తే నాకు అన్నం క్యారేజీ తెచ్చేది. బట్టీ గుమ్మం మాత్రం దాటేది కాదు. ఓ ఆదివారం మధ్యాహ్నం రిహార్సల్లో నేను తూలుతూ, పెళ్ళాన్ని తిడుతూ కేకలేస్తున్నా. అందరూ పగలబడి నవ్వుతున్నారు. అత్త విసవిసా లోపలికొచ్చింది.

"ఏందిరా ఆ గంతులు? తాగినోడు ఇంటికి అట్టా వస్తాడా?"

"మరెట్టా వస్తాడత్తా?" అన్నాను, నవ్వు ఆపుకోలేక.

అత్త వేదికెక్కింది. చెప్పులు విప్పి చేత్తో పట్టుకుంది. చప్పుడు కాకుండా గోడ పట్టుకుని నడిచింది. నిద్రపోతున్న పిల్ల ఉన్నట్టు వంగి, వణికే చేతులతో దుప్పటి సర్దింది. ఆ పైన గోడవైపు తిరిగి కూలబడింది.

ఎవ్వరూ నవ్వలేదు.

"మీ మామ నన్నెప్పుడూ తిట్టలేదురా. సిగ్గుపడేవాడు. సిగ్గుపడతానే చచ్చిపోయాడు."

ఆ వేషం నేను అట్లాగే వేశాను. నాటకానికి రమ్మని అత్తను ఎన్నిసార్లు పిలిచినా, "ఆయన్ని ఒకసారి చూశా కదరా. మళ్ళీ చూడలేను" అనేది.

వేషం నేర్పిన ఆ ఆదివారం ఆమె బయటికి వెళ్తుంటే కిటికీలోంచి చూశాను. కుళాయి దగ్గర వంగి ముఖం కడుక్కుంది. మళ్ళీ కడుక్కుంది. మళ్ళీ. కొంగుతో తుడుచుకోకుండా, నీళ్ళు కారుతున్న ముఖంతోనే ఎండలోకి వెళ్ళిపోయింది.