అసలు కథ ఇరవయ్యో లెవెల్లో

గుంటూరులో ఇంజనీరింగ్ చదివేటప్పుడు నా రూమ్మేట్ రోజూ నెట్ సెంటర్లో ఒక ఆన్‌లైన్ ఆట ఆడేవాడు. మొదటి లెవెల్లో పది తోడేళ్లను చంపాలి, రెండో లెవెల్లో ఇరవై. వాటి తోళ్లు ఊరిపెద్దకు అప్పగిస్తే, ఆయన మళ్లీ తోడేళ్ల దగ్గరికే పంపుతాడు. లూపులో ఇరుక్కున్న ప్రోగ్రామ్ కూడా ఇంతకంటే నయం.

"ఇందులో కథేదిరా?" అని అడిగితే, తెర మీంచి చూపు తిప్పకుండా చూపుడువేలు పైకెత్తేవాడు. "ఓపిక పట్టరా. అసలు కథ ఇరవయ్యో లెవెల్లో మొదలవుద్ది."

వాడి ఓపికంతా తోడేళ్లకే సరిపోయింది. ఆ మార్చిలో వాళ్ల నాన్న పర్చూరు దగ్గర చేలో రెండో కోత చూసుకుంటూ, కల్లంలో ఆరబోసిన మొదటి కోత మిర్చిని వారంపాటు తిరగేసే పని వీడికి అప్పగించాడు. వీడు నాలుగో రోజే బస్తాలకెత్తించి, "ఎండిపోయాయి నాన్నా" అని చెప్పి, గుంటూరు వచ్చి ఆటలో కూర్చున్నాడు.

కొడుకు మాట నమ్మి ఆయన సరుకు గుంటూరు మిర్చి యార్డుకు తెచ్చాడు. మేమిద్దరం వెళ్లాం. వ్యాపారి బస్తాలో చెయ్యి పెట్టి ఒక కాయ తీసి చెవి దగ్గర ఊపాడు. గింజ చప్పుడు కాలేదు.

"పచ్చి సరుకు పెద్దాయనా. తీసుకెళ్లి ఎండబెట్టుకోండి."

"ఏరా, ఇంకో మూడు రోజులు ఆగలేకపోయావా?" అన్నాడు వాళ్ల నాన్న. ఆయన బస్తాలు తిరిగి లారీకెత్తబోతుంటే వీడు నా చొక్కా పట్టి లాగాడు.

"పంతొమ్మిదిలో ఉన్నానురా. పద, సాయంత్రానికి ఇరవై."

నేను వాడికి చూపుడువేలు ఎత్తి చూపించి, బస్తా రెండో కొస పట్టుకున్నాను.