గంజి వార్చి కొన్న గిన్నెలు

నా చిన్నప్పుడు బజారు పనంటేనే నాకు గిట్టేది కాదు. అందులోనూ మా అమ్మమ్మతో అయితే మరీను. కొత్తిమీర కట్టకే నాలుగు కొట్లు తిప్పే మనిషి ఆవిడ. అలాంటిది ఒక వేసవి మధ్యాహ్నం, మా పిన్నికి స్టీలు గిన్నెలు కొనాలంటూ పటమటలో మా ఇంటి నుంచి వన్‌టౌన్‌ బజారుకి నన్ను కూడా లాక్కెళ్లింది.

పిన్నికి అవనిగడ్డ వైపు బళ్లో టీచరు ఉద్యోగం వచ్చింది. ఆడపిల్ల ఒక్కతే గది తీసుకుని ఉండటానికి తాతయ్య ససేమిరా అన్నారు. ఏడ్చి మొత్తుకుంటే చివరికి ఒక షరతు పెట్టారు: ఒక నెల తన వంట తనే వండుకుని తింటే సరే, లేదంటే ఉద్యోగం మానేసి ఇంటికి వచ్చెయ్యాలి. పిన్నికి చూస్తే టీ కాచడం తప్ప ఏమీ రాదు.

కొట్లో ఒక సెట్టు చూడగానే పిన్ని మనసు దాని మీదే పడింది. ఒకదాంట్లో ఒకటి ఇమిడే గిన్నెలు, అద్దంలా మెరుస్తున్నాయి, ధర కూడా అందుబాటులోనే ఉంది. పేరు కొట్టాక వెనక్కి తీసుకునేది లేదని కొట్టాయన చెబుతున్నా వినకుండా, పేరు చెక్కే అతనికి పెద్ద గిన్నె అందించబోయింది. అమ్మమ్మ దాన్ని లాక్కుని, కొట్టాయన్ని అడిగి బకెట్టు నీళ్లు తెప్పించింది. గిన్నెలో నీళ్లు పోసి, మూత పెట్టి, “ఉడికిన అన్నమనుకో. గంజి వార్చవే,” అంది.

అంతమంది ముందు పిన్ని కొట్టు మెట్ల మీద కూర్చుని, పమిట చెంగుతో మూత అదిమిపట్టి గిన్నె వంచింది. అంచు లేని గిన్నె పట్టు దొరకలేదు. మూత జారి నీళ్లన్నీ ఆమె పాదాల మీద పడ్డాయి. నలుగురిలో పరువు తీశావని పిన్ని ఏడుపు లంకించుకుంది.

“నీళ్లు కాబట్టి సరిపోయింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటావా? బొబ్బలెక్కిన కాళ్లతో ఇంటికొస్తే మీ నాన్న మళ్లీ పంపిస్తారా?” అంది అమ్మమ్మ. పిన్ని కళ్లు తుడుచుకుని ఇంకో గిన్నె అందుకుంది.

ఇక ఎన్ని గిన్నెలు వార్పించిందో! నాకు ఆకలి, కాళ్ల కింద తడి, ఇప్పిస్తానన్న సోడా ఊసే లేదు. “అమ్మగారూ, కొంటారా, ఇక్కడే వండుకుని భోంచేసి వెళ్తారా అండీ?” అని కొట్టాయన కూడా విసుక్కున్నాడు. చివరికి మెరుపు అంతంతమాత్రంగా ఉన్నా అడుగు మందంగా, అంచు వెడల్పుగా ఉన్న అన్నం గిన్నె, దానికి బిగువైన మూత, ఒక పప్పు గిన్నె, ఒక బాణలి తూకానికి తీసుకుంది. కొత్తగా వండే పిల్లకి ఇంతకంటే అక్కర్లేదంది. ఖర్చు కూడా ఆ సెట్టు కన్నా తక్కువే అయింది.

నెల తిరిగాక తాతయ్య చూడ్డానికి వెళ్లి, పిన్ని వండిన ముద్దన్నం మారుమాట్లాడకుండా తిని వచ్చారు. ఉద్యోగం నిలిచింది.

ఆ చాదస్తం నాకూ అంటుకుంది. కుక్కర్ల కాలంలో గంజేమిటని మా పిల్లలు తల పట్టుకుంటారు. పట్టుకోనీ. కొత్తగా వంట మొదలుపెట్టే ఏ పిల్ల నాతో బజారుకొచ్చినా, గిన్నె నిండా నీళ్లు పోయించి ఎత్తి వంచమంటాను. ఎక్కడో అద్దెగదిలో ఆ పిల్ల పొయ్యి మీంచి గిన్నె దించే వేళకి నేను పక్కన ఉండను కదా.