తలనొప్పి ఉన్నంతకాలం

మా వదిన చేతులు ఎప్పుడూ చల్లగా ఉండేవి. ఒక పెద్ద హాస్టల్లో వంటగిన్నెలు తోమే పని ఆమెది. పొద్దున్నే కుళాయి దగ్గర కూర్చుంటే సాయంత్రం దాకా చేతులు నీళ్ళల్లోనే నానేవి. వేళ్ళ చివర్లు ముడతలు పడి, గోళ్ళ చుట్టూ చర్మం తెల్లగా లేచిపోయి, చూడ్డానికి ఏమంత బాగుండేవి కావు. కానీ తల పగిలిపోతున్నప్పుడు ఆ చెయ్యి నుదుటి మీద పడితే ప్రాణం లేచొచ్చేది.

మా వీధిలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు తక్కువ. తలనొప్పి వదిన అనేవాళ్ళు.

"ఏం పేరర్రా అది, నేనేదో ఊరందరికీ తలనొప్పి తెచ్చిపెడుతున్నట్టు" అని నవ్వేది.

"ఊరి సంగతి తెలీదు, నాకైతే తెస్తావు" అనేవాడు మా అన్న. అప్పట్లో అన్న సరదాగా మాట్లాడేవాడు.

ఆమె దగ్గర మందూ లేదు మాకూ లేదు. తల పట్టుకుని వచ్చినవాళ్ళకి ముందు చెంబుడు నీళ్ళు ఇచ్చేది, మెల్లిగా తాగమనేది. "పొద్దుట్నుంచీ నీళ్ళెప్పుడు తాగావు? నిజం చెప్పు" అని అడిగేది. తర్వాత ఏమన్నా తిన్నావా అని. రాత్రి సరిగ్గా నిద్రపోయావా అని. సగంమందికి ఆ ప్రశ్నల దగ్గరే సంగతి తెలిసిపోయేది. మిగతావాళ్ళని గోడకి ఆనించి కూర్చోబెట్టి, కిటికీ మూసి, లైటు ఆర్పేది. పాదాలు గోరువెచ్చటి నీళ్ళలో పెట్టించేది. నుదుటి మీద తడిగుడ్డ వేసేది. ఆ తర్వాత వాళ్ళని కాస్త ముందుకి జరిపి, వెనక కూర్చుని పని మొదలుపెట్టేది. ముందు మెడ వెనక, పుర్రె కింద గుంటల్లో బొటనవేళ్ళు ఆనించి నొక్కేది. అక్కణ్ణుంచి చెవుల పక్కకి, కణతల మీదికి, కనుబొమల మధ్యకి. గట్టిగా నొక్కేది కాదు. "పిండి పిసకడం కాదు ఇది. లోపల నరం ఎక్కడ కొట్టుకుంటుందో వేలికి తెలియాలి" అనేది. ఆఖర్న అల్లం వేసి కాచిన నీళ్ళు ఇచ్చి, పోయి పడుకోమనేది.

అందరికీ చేసేదీ కాదు. మా వీధి చివర టైర్ల షాపాయన ఒకసారి మెట్ల మీంచి పడ్డాడు. మర్నాడు తల పట్టుకుని వచ్చి కూర్చున్నాడు. వదిన ఆయన మొహం చూసి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"వాంతి అయ్యిందా?"

"పొద్దున అయ్యిందమ్మా. నువ్వు కాస్త నొక్కితే పోతుంది."

"నొక్కను. ఇది నా పని కాదు. లేచి ఆస్పత్రికి పో."

"అంత దూరం ఎక్కడ పోతానమ్మా, ఒక్కసారి..."

"నొక్కనంటున్నానా? నీ షాపు నేను చూసుకుంటాలే, లే."

ఆయన ఆస్పత్రికి పోయాడు, బతికాడు. తిరిగొచ్చాక పాత టైరు కోసి ఆమెకొక తొట్టి చేసిచ్చాడు. కాళ్ళు పెట్టుకునే నీళ్ళకి అప్పట్నుంచీ ఆ తొట్టే.

అన్నావదినలదీ మాదీ ఒకే ఇల్లు. రెండు వాటాలు, మధ్యలో చిన్న పెరడు, బట్టలారేసే తీగ. వాళ్ళకి పిల్లల్లేరు. మా ఆడపిల్లలిద్దరూ వదిన ఒళ్ళోనే పెరిగి, పెళ్ళిళ్ళై ఎవరిళ్ళకి వాళ్ళు వెళ్ళిపోయారు. అందుకని ఆ పెరడు దాటి రావడం తప్ప వదినకి వేరే పొద్దుపోయే దారి లేదు.

అన్నా నేనూ ఒకే గోడౌన్‌లో సిమెంటు బస్తాలు దించేవాళ్ళం. ఒకసారి బస్తాల వరస కూలి మాలో ఒకడి నడుం విరిగింది. యజమాని అటు తిరిగి కూడా చూడలేదు. అందరం పని ఆపేసి గేటు ముందు కూర్చున్నాం. అన్న కూడా మొదట మాతోనే కూర్చున్నాడు. ఆ తర్వాత ఒక పొద్దున లేచి, తలొంచుకుని పనిలోకి పోదామని గేటు వైపు నడిచాడు. నేను అడ్డం నిలబడ్డాను. అందరి ముందూ ఒకరినొకరం అనకూడని మాటలు అనుకున్నాం. అన్న నన్ను తోసుకుని లోపలికి పోయాడు.

ఆ సాయంత్రం పెరట్లో నిలబడి, నాతో కాదు, గోడతో చెప్పినట్టు చెప్పాడు. "ఇవాళ్టి నుంచి ఆ గుమ్మం వాళ్ళు ఈ గుమ్మం తొక్కద్దు, ఈ గుమ్మం వాళ్ళు ఆ గుమ్మం తొక్కద్దు. మాటల్లేవు, రాకపోకల్లేవు. జబ్బు చేస్తేనో చస్తేనో అది వేరే సంగతి."

వదిన తీగ మీద బట్టలు తీస్తూ అంతా విన్నది.

మా ఆవిడ బట్టల ఫ్యాక్టరీలో చొక్కాలకి కాలర్లు కుడుతుంది. నల్ల గుడ్డ మీద నల్ల దారం పడిన రోజున ఇంటికొచ్చేసరికి కళ్ళు తెరవలేకపోయేది. అక్కడ మాటిమాటికీ బాత్రూముకి లేస్తే సూపర్‌వైజరు ఊరుకోడని నీళ్ళు కూడా తాగేది కాదు. అన్న ఆ మాటలన్న మర్నాడు కూడా అలాగే వచ్చి, తలకి గుడ్డ బిగించుకుని మూల పడుకుంది. కాసేపటికి వెనక తలుపు దగ్గర చప్పుడైంది. చూస్తే వదిన, చంకలో తొట్టి.

"వదినా, అన్న ఏమంటాడో" అన్నాను.

"ఏమంటాడు? జబ్బు చేస్తే వేరే సంగతన్నాడుగా. తలనొప్పి జబ్బు కాదా? నువ్వు పక్కకి జరుగు, గుమ్మానికి అడ్డంగా కొండలా నిలబడ్డావు."

అలా మొదలైంది. అన్న తన మాటను తనే కాదనలేకపోయాడు. వదిన తొట్టి పట్టుకుని పెరడు దాటుతుంటే మొహం అటు తిప్పుకునేవాడు. ఏళ్ళు గడిచాయి. సాయంత్రం అయ్యేసరికి మా గదిలో లైటు ఆరేది. నేను బయట అరుగు మీద కూర్చునేవాణ్ణి. లోపల చీకట్లో తోడికోడళ్ళిద్దరి గొంతులు వినిపించేవి.

"తగ్గిందా?"

"ఇంకా కొంచెం ఉందక్కా."

"ఎక్కడ?"

"ఇదిగో, ఇక్కడ."

"ఇందాక ఎడంపక్క అన్నావు. తిరుగుతోందా నీ నొప్పి, బస్సెక్కి?"

ఇద్దరూ నవ్వేవాళ్ళు. హాస్టల్ వంటాయన చాదస్తం, ఫ్యాక్టరీలో ఎవరితో ఎవరు పోట్లాడారో, మా పిల్లల కబుర్లు, అన్నీ ఆ చీకట్లోనే. నొప్పి ఎప్పుడో తగ్గిపోయి ఉండేది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. అవతలి వాటాలో అన్న ఒంటరిగా కూర్చుని ఉండేవాడు. పిలిచేవాడు కాదు.

ఒకరోజు ఫ్యాక్టరీకి కళ్ళ డాక్టర్లు వచ్చారు. వరసగా అందర్నీ చూసి, మా ఆవిడకి దగ్గర చూపు దెబ్బతిందన్నారు, కళ్ళజోడు ఇచ్చారు. పెట్టుకున్న కొద్దిరోజులకే తలనొప్పి తగ్గుతూ తగ్గుతూ పూర్తిగా మాయమైంది. ఆ సాయంత్రం వదిన వచ్చేసరికి వంట చేస్తున్న మా ఆవిడ లేచి ఎదురొచ్చింది.

"అక్కా, లేదు. నొప్పే లేదు. ఇన్నాళ్ళూ కళ్ళదట, మనకేం తెలుసు. సూదిలో దారం ఒక్కసారికే ఎక్కుతోంది, చూడు" అని కళ్ళజోడు తీసి చూపించింది.

వదిన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "బాగుందే. టీచరమ్మలా ఉన్నావు" అంది. మా ఆవిడ తల మీద ఒకసారి చెయ్యి వేసి, "మంచిదే కదా, నాకూ రోజూ వచ్చే శ్రమ తప్పింది" అంటూ తొట్టి తీసుకుని వెళ్ళిపోయింది. ఆ తొట్టిలో ఇంకా నీళ్ళు కూడా పోయలేదు.

మర్నాడు రాలేదు. ఆ తర్వాతా రాలేదు. తీగ దగ్గర ఎదురైతే, అన్న ఇంట్లో ఉంటే ఒక నవ్వు, లేకపోతే ఒక మాట, అంతే. సాయంత్రాలు మా గదిలో లైటు వెలిగే ఉండేది. మా ఆవిడ ఒకటికి రెండుసార్లు వెనక తలుపు తీసి చూసి మళ్ళీ వేసేది. "నోరు మూసుకుని ఊరుకోవాల్సింది. ఎగిరి గంతేసి చెప్పాను" అంది ఒకసారి.

"తలనొప్పి అని చెప్పి పిలువు" అన్నాను.

"అక్కకి అబద్ధం చెప్తే నిలుస్తుందా? వేలు పెడితే చాలు, తెలిసిపోతుంది."

అబద్ధం చెప్పడం కుదరదు కాబట్టి ఆమె ఇంకో పని చేసింది. పొద్దుటే కళ్ళజోడు ఇంట్లో బియ్యం డబ్బా వెనక పెట్టి ఫ్యాక్టరీకి పోయింది. పొద్దంతా కళ్ళు చికిలించుకుని నల్ల కాలర్లు కుట్టింది. నీళ్ళూ ముట్టలేదు. సాయంత్రం గోడ పట్టుకుని ఇంట్లోకి వచ్చింది. మొహం వాడిపోయింది. అయినా ఆ మొహంలో ఏదో గెలిచినట్టు సంతోషం. "పో, పిలు అక్కని. నిజంగానే వచ్చింది" అంది.

పిలిచాను. వదిన తొట్టీ తడిగుడ్డా పట్టుకుని దాదాపు పరిగెత్తుకుంటూ వచ్చింది. లైటు ఆర్పారు. అరుగు మీద నుంచి నేను ఎప్పటి కబుర్ల కోసం ఎదురుచూశాను.

"జోడేదీ?" అంది వదిన.

"ఫ్యాక్టరీలో మర్చిపోయానక్కా."

"జోడేదీ అంటున్నా."

మా ఆవిడ ఏం చెప్పిందో నాకు వినపడలేదు. లైటు వెలిగింది. గుమ్మంలోంచి చూస్తే వదిన బియ్యం డబ్బా పక్కన నేల మీద కూర్చుని, కొంగుతో కళ్ళజోడు అద్దాలు తుడుస్తోంది.

"నా చెయ్యి కోసం కళ్ళు పోగొట్టుకుంటావా? రేపు గుడ్డిదానివైతే కాలరెవరు కుడతారు, నేనా? ఇంత బతుకు బతికి ఇదా నువ్వు నేర్చుకున్నది?"

"మరి ఇంకెలా వస్తావు నువ్వు?" అంది మా ఆవిడ ఏడుస్తూ.

వదిన ఆమెకి నొప్పి తగ్గేదాకా తల పట్టింది. తగ్గాక జోడు తనే ఆమె చెవులకి తగిలించి, "ఇక నేను తలనొప్పికి రాను. వస్తానని తెలిస్తే మళ్ళీ తీసేస్తావు నువ్వు" అని లేచింది.

ఆ రాత్రి కాదు, మర్నాడు ఉదయం అన్న మొహం కడుక్కుంటుంటే వదిన అడగడం నా చెవులతో విన్నాను. అన్ని సంవత్సరాల్లో ఆమె ఆయన్ని అడిగింది అదొక్కటే.

"నొప్పీ జబ్బూ లేకపోయినా ఒకసారి అటు వెళ్ళి కూర్చుని రావచ్చా?"

అన్న కుళాయి కట్టేశాడు. తువ్వాలుతో మొహం చాలాసేపు తుడుచుకున్నాడు. "నాతో గోడౌన్‌లో ఎవడూ మాట్లాడ్డు. తెలుసా నీకు?" అన్నాడు. "టీ దగ్గర కూడా నా పక్కన ఎవడూ కూర్చోడు. ఆ గేటు దగ్గర నన్నాపింది ఆ ఇంటివాడు. నువ్వెళ్ళి వాళ్ళ దగ్గర కూర్చుని నవ్వితే నేనిక్కడ వినాలా?"

వదిన మళ్ళీ అడగలేదు. నేను కూడా అప్పుడే లేచి పెరడు దాటి వెళ్ళి ఉండొచ్చు. వెళ్ళలేదు. నా మాటలు నాకు గుర్తున్నాయి, ఆయన మాటలు ఇంకా ఎక్కువ గుర్తున్నాయి.

ఎండలు మొదలవుతుండగా అన్నకి ఊరవతల ఒక గిడ్డంగిలో కాపలా పని దొరికింది. ఉండటానికి గది కూడా ఇస్తారట. అక్కడ తనెవరో, గేటు సంగతేమిటో ఎవరికీ తెలియదు. ఆయనకి కావాల్సింది అదే అనుకుంటాను. వదిన హాస్టల్ పని మానేసింది.

వాళ్ళు వెళ్ళే రోజు మధ్యాహ్నం ట్రాలీ రిక్షా వచ్చింది. మంచం, గిన్నెల మూట, రెండు పెట్టెలు ఎక్కించారు. వదిన ఖాళీ వాటా ఊడ్చి, చీపురు మూలన పెట్టి, బయటికి వచ్చి నిలబడింది. మా ఆవిడ ఆ రోజు పనికి పోలేదు. పెరడు దాటి తిన్నగా వెళ్ళి వదిన చెయ్యి పట్టుకుంది.

"రా అక్కా. నీకు తలనొప్పిగా ఉంది."

"నాకా? నాకెప్పుడన్నా వచ్చిందా?"

"వచ్చింది. మొహం చూస్తే తెలుస్తోంది. రా, కూర్చో."

వదిన అన్న వైపు చూసింది. అన్న తాళ్ళు బిగిస్తున్నాడు. తలెత్తలేదు. మా ఆవిడ ఆమెని మా గుమ్మంలోకి లాక్కొచ్చి కూర్చోబెట్టి, వెనక తను కూర్చుంది. పుర్రె కింద గుంటల్లో బొటనవేళ్ళు పెట్టింది. ఊరందరి తలలూ పట్టిన ఆమె తల ఎవరూ ఎప్పుడూ పట్టలేదు. ఎలా కూర్చోవాలో కూడా తెలియనట్టు మెడ బిగబట్టి కూర్చుంది.

"వదులు అక్కా. మెడ వదులు."

"వదుల్తున్నానే."

"ఎక్కడుంది నొప్పి?"

వదిన కళ్ళు మూసుకునే, "అంతటా ఉందే" అంది. మూసిన కళ్ళలోంచి నీళ్ళు చెంపల మీదుగా కారిపోతున్నాయి. మా ఆవిడ వాటిని తుడవలేదు. వేళ్ళు ఆపలేదు.

నేను అరుగు మీద నిలబడ్డాను. అన్న సామాను మీద మాకు వీపు పెట్టి కూర్చున్నాడు. రిక్షావాడు రెండుసార్లు బెల్లు కొడితే చెయ్యెత్తి ఆగమన్నాడు. ఎండ గోడ దిగి పెరట్లోకి వచ్చింది. అప్పుడు ఆయన తల తిప్పకుండానే అన్నాడు.

"చీకటి పడకముందే పోవాలి. చెప్పు."

ఆ మాట నాతోనే అన్నాడు. అక్కడ ఇంకెవరూ లేరు. గేటు దగ్గర గొడవైన తర్వాత అన్న నాతో అన్న మొదటి మాట అది.

"ఇంకాసేపు ఉండనీ అన్నా" అన్నాను.

ఉండనిచ్చాడు. ఆ తర్వాత వెళ్ళిపోయారు. ఆ వాటాలోకి వేరేవాళ్ళు వచ్చారు. మంచివాళ్ళే. మా ఆవిడకి కళ్ళజోడు వచ్చాక ఒక్కసారి కూడా తలనొప్పి రాలేదు.