ఎటు తిరిగినా అరవై రెండు కిలోమీటర్లే

మా పిన్నికి కోపం ఎక్కువని ఊరంతా అంటుంది. అబద్ధం. ఊరికి సిగ్గు తక్కువ, అందుకని పిన్ని కోపం ఎక్కువగా కనిపిస్తుంది. ఈ మాట ముందే చెప్పి మొదలుపెడుతున్నాను, ఎందుకంటే ఇది రాస్తున్నంతసేపూ నాకూ ఒళ్ళు మండుతూనే ఉంది. అందులో సగం మంట నా మీదే.

పిన్నిది సైకిళ్ళు బాగుచేసే షాపు. బజారు చివర, చెప్పుల దుకాణానికీ తాళాలు చేసేవాడికీ మధ్య ఇరుక్కున్న ఒకే ఒక్క గది. నేలంతా గ్రీజు మరకలు, గోడలకి చక్రాలు, మూలన గాలి పంపు, ఒక మూడుకాళ్ళ స్టూలు. వచ్చినవాళ్ళకి ఆ స్టూలు ఇవ్వదు. "కూర్చోబెడితే కబుర్లు చెప్తారు, నిలబెడితే పనేంటో చెప్తారు" అంటుంది. చెయిన్ తుప్పు పట్టించి తెచ్చినవాణ్ణి ఆ సైకిలు తరఫున వకాల్తా పుచ్చుకుని తిడుతుంది. తిట్లు తిన్నవాళ్ళు గొణుక్కుంటూ పోతారు, మళ్ళీ పాడైతే మళ్ళీ అక్కడికే వస్తారు.

ఆదివారం షాపు మూసి తనే సైకిలెక్కుతుంది. మా ఊరి చుట్టుపక్కల నేల చదునుగా ఉండదు. ఒక మిట్ట ఎక్కితే ఒక పల్లం, పల్లంలో పొలాలు, మళ్ళీ మిట్ట, దాని వెనక పాడుబడ్డ బురుజు. ఆ దారులన్నీ ఒకదానికొకటి అతికి, రెండేళ్ళ ఆదివారాలు ధారపోసి పిన్ని ఒక చుట్టు తయారుచేసింది. ఊళ్ళో బయల్దేరి, పొలాల మీదుగా బురుజు దాటి, ఏటి వెంబడే పాత రాతి వంతెన దగ్గరికి పోవాలి. అక్కణ్ణుంచి రాళ్ళు పరిచిన బాట మీద కోటకెక్కి, కోట వెనక తారు రోడ్డు మీద తాపీగా ఊళ్ళోకి దిగాలి. మొత్తం అరవై రెండు కిలోమీటర్లు.

ఏ దారి ముక్కనైనా రెండువైపుల నుంచీ తొక్కి చూడటం, ఎండలో ఒకసారి, వానలో ఒకసారి చూడటం ఆవిడ పద్ధతి. రాళ్ళ మీద ఎక్కాలి, తారు మీద దిగాలి అన్నది ఆవిడ నియమం. ఆ కోట బాట కొన్ని వందల ఏళ్ళుగా బళ్ళ చక్రాలకీ పశువుల గిట్టలకీ అరిగి నున్నబడిపోయింది. ఎక్కేటప్పుడు జారితే సైకిలు ఆగుతుంది, దిగి నడుస్తాం, అంతే. దిగేటప్పుడు జారితే కింద వంతెన ఉంది. వంతెన మీదికి మూల మలుపు, మోకాలెత్తు పిట్టగోడ, గోడ అవతల పదిహేనడుగుల లోతున బండలు.

నేను పర్యాటక కార్యాలయంలో పనిచేస్తాను. అచ్చుకి వెళ్ళేది ఏదైనా నా బల్ల మీదికి రావాలి, ప్రూఫు చూసి నేను సంతకం పెట్టాలి. పిన్ని చుట్టు గురించి మా ఆఫీసరుకి చెప్పింది నేనే. ఆయన ఎగిరి గంతేశాడు. కోట, బురుజు, వంతెన, పొలాలు, అన్నీ ఒకే మ్యాపులో! రెండొందల నలభై మందితో ప్రారంభ యాత్ర అన్నాడు, ముఖ్య అతిథి అన్నాడు, పేపర్లవాళ్ళు అన్నాడు. పిన్ని గీసిచ్చిన మ్యాపులో ఒకే ఒక్క మార్పు చేశాడు. పిన్ని లెక్కన కోట నలభయ్యో కిలోమీటరు దగ్గర వస్తుంది. అప్పటికి ఎండెక్కుతుంది, జనం చెమటలు కక్కుతూ ఒకరొకరుగా వస్తారు, ఫోటో బాగుండదు. అదే చుట్టుని తిరగేస్తే కోట ఇరవై రెండో కిలోమీటరు దగ్గరే. లేత ఎండ, కళకళలాడే మొహాలు, అందరూ ఒకే గుంపు. కాబట్టి తిరగేశాడు. ఫోటో కోసం.

ప్రూఫు నా దగ్గరికొచ్చింది. అక్షరదోషాలు చూశాను. ఫోను నంబర్లు సరిచూశాను. దూరాలు కూడి చూశాను, అరవై రెండు వచ్చింది. ఎటు నుంచి కూడినా అంతే వస్తుంది కదా! బాణాల ముక్కు ఎటుందో మాత్రం చూడలేదు. చిన్నప్పుడు పిన్ని సైకిలు వెనక కూర్చుని తిరిగినదాన్ని, పెద్దయ్యాక ఆ బాట ఎక్కలేక సగంలో దిగి నడిచినదాన్ని, సంతకం పెట్టి పంపించేశాను.

గురువారం ఒక స్కూలు టీచరమ్మ, ఆదివారం జరిగే యాత్రకి ముందు గేర్లు సరిచేయించుకోవడానికి వచ్చి, చేతిలో ఉన్న మ్యాపు పిన్నికి చూపించిందట. అరగంటలో పిన్ని మా ఆఫీసులో ఉంది, గ్రీజు చేతులతోనే. ఆఫీసరు బల్ల మీద మ్యాపు పరిచింది.

"ఇదేంటిది? బాణాలు తిరగబడ్డాయి."

"తిరగబడలేదమ్మా, మేమే తిప్పాం" అన్నాడాయన తీరిగ్గా. "దారి అదే కదా. ఎటు తిరిగినా అరవై రెండు కిలోమీటర్లే."

"మెట్లెక్కడం, మెట్ల మీంచి దొర్లడం కూడా ఒకటేనా? మెట్లు అవేగా!"

పక్క గదిలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆఫీసరు నవ్వలేదు.

"సరే, జాగ్రత్త అని ఒక బోర్డు పెట్టిస్తాం లెండి."

"ఆ బోర్డు చదివేలోపు ఏట్లో ఉంటారు. ఒకడు పడితే వెనకొచ్చేవాళ్ళంతా వాడి మీద పడతారు. రెండొందల నలభై మందండీ!"

"మ్యాపులు పంచేశాం, అతిథిగారికి టైము చెప్పేశాం. ఇప్పుడేం చెయ్యలేం. మీరు సైకిళ్ళు బాగుచేస్తారు, చాలా బాగా చేస్తారు. మిగతాది మాకు వదిలెయ్యండి."

పిన్ని నావైపు చూసింది. నేను ఫైలు చదువుతున్నట్టు నటించాను. అక్షరం ముక్క చదవలేదు, ఊరికే పేజీలు తిప్పాను.

మెట్ల దగ్గర నన్ను పట్టుకుంది. "నోట్లో బెల్లంగడ్డ పెట్టుకున్నావా? దీని మీద సంతకం ఎవరిదే?"

"నాదే పిన్నీ."

"చూసే పెట్టావా?"

"చూళ్ళేదు."

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. "శనివారం పొద్దున్నే సైకిలేసుకుని రా" అని చరచరా వెళ్ళిపోయింది. నాలుగు తిట్టి ఉంటే హాయిగా ఉండేది.

శనివారం ఇద్దరం తారు రోడ్డు మీంచి కోటకెక్కాం. పిన్ని కోట గుమ్మం ముందు నిలబడి కిందికి చూపిస్తూ, ఎక్కడ రాళ్ళు నున్నబడ్డాయో, ఎక్కడ నీడకి నాచు పట్టిందో చెప్పుకుపోతోంది. నాకు ఉక్రోషం వచ్చింది. తప్పు చేసినవాళ్ళకి వచ్చే ఉక్రోషమే అది.

"నెమ్మదిగా దిగితే ఏం కాదులే పిన్నీ" అని సైకిలెక్కాను. "వద్దే, ఒసేయ్, వద్దు" అని అరుస్తూనే ఉంది.

మొదటి యాభై గజాలు ఏమీ కాలేదు. ఆ తర్వాత అదురుకి చేతులు తిమ్మిరెక్కాయి. బ్రేకు నొక్కుతున్నానో లేదో వేళ్ళకి తెలియలేదు. గట్టిగా నొక్కితే చక్రం ఆగుతోంది కానీ సైకిలు ఆగట్లేదు. వంతెన దగ్గరపడింది. మలుపు నావల్ల కాదని అర్థమై సైకిల్ని పక్కనున్న గడ్డిలోకి పడేశాను. మణికట్టు వాచింది, మోకాలు చీరుకుపోయింది. పిట్టగోడ అక్కడికి నాలుగడుగులు.

పిన్ని పరుగెత్తుకొచ్చింది. "బుద్ధుందా? నలభై ఏళ్ళొచ్చాయి, బుద్ధుందా నీకు?" అని తిడుతూనే నా చెయ్యంతా తడిమి చూసింది. ఎముక విరగలేదని తేలాక పక్కనే కూలబడింది. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆఫీసరు గదిలో రావాల్సిన కోపం, రెండు రోజులు ఆలస్యంగా.

యాత్రకి పేర్లిచ్చినవాళ్ళ ఫోను నంబర్లన్నీ నా దగ్గరే ఉన్నాయి. సాయంత్రం కుడిచేత్తో టైపు చెయ్యలేక ఎడమచేత్తో కొట్టాను: మ్యాపులో దిశ తప్పు, ప్రూఫు చూసిన నాదే పొరపాటు, మ్యాపుకి ఎదురుదిశలో వెళ్ళాలి, రోడ్డు మీద సున్నపు బాణాలు మాత్రమే చూడండి. కింద నా పేరు, హోదా రాసి రెండొందల నలభై మందికీ పంపాను. మధ్యాహ్నమే సున్నం సంచీ వేసుకుని బయల్దేరిన పిన్ని పొద్దువాలేలోపు పద్నాలుగు మలుపుల దగ్గరా బాణాలు గీసొచ్చింది.

ఆదివారం ఏడింటికే ఆఫీసరు, అతిథిగారు, పేపర్లవాళ్ళు కార్లలో కోట దగ్గరికి చేరారు. వాచిన చేత్తో తొక్కలేక నేనూ వాళ్ళతోనే కారెక్కాను. ఆఫీసరు ఫోటో కోసం కొత్త సైకిలు కూడా తెచ్చుకున్నాడు. తారు రోడ్డు మీంచి ఒక్క మనిషీ రాలేదు. ఎనిమిదయ్యేసరికి అతిథిగారు వాచీ చూసుకుని వెళ్ళిపోయారు. ఎనిమిదిన్నరకి మా వీపుల వెనక నుంచి, రాతిబాట మీద, పిన్నీ ఆవిడ వెనక మొదటివాళ్ళూ కనిపించారు. మొహాలు కందగడ్డల్లా ఉన్నాయి. కొందరు తొక్కుతూ, కొందరు తోసుకుంటూ, అందరూ నిక్షేపంగా వస్తున్నారు.

ఆఫీసరు నా దగ్గరికొచ్చాడు. "సంతకం పెట్టింది నువ్వే కదా?"

"అవును సార్. మ్యాపు మీదా నేనే, మెసేజీ కిందా నేనే."

"రేపు ఆఫీసుకొస్తావుగా, చూస్తాను."

చూడమనండి. అప్పుడే పేపరాయన ఒకడు నవ్వుతూ అడిగాడు, "ఏంటి సార్, మీ మ్యాపులో దిగమంటే వీళ్ళు ఎక్కుతున్నారు?"

ఆఫీసరు మొహం మాడిపోయింది. "అదంతా అనవసరపు భయం. నేను దిగి చూపిస్తా, మీరు ఫోటో తియ్యండి" అంటూ కొత్త సైకిలెక్కాడు. కింద బాట మీద ఇంకా ముప్పై మంది దాకా ఎక్కుతూనే ఉన్నారు. స్కూలు టీచరమ్మ వాళ్ళలోనే ఉంది.

పిన్ని వెళ్ళి హ్యాండిల్ పట్టుకుంది, రెండు చేతులతో, ముందు చక్రానికి మోకాలు అడ్డం పెట్టి.

"చెయ్యి తియ్యండమ్మా. అందరూ చూస్తున్నారు."

"చూడనివ్వండి. మీరంటే నాకు ఒళ్ళు మంట. మొహం చూడాలని కూడా లేదు. అయినా సరే, మిమ్మల్ని దిగనివ్వను. ఈ దారి నేను వేశాను. దీని మీద ఎవడూ చావడానికి వీల్లేదు, మీరు కూడా."

"తియ్యమంటున్నానా?"

"కాలు కింద పెట్టండి, తీస్తాను."

ఎవరూ నవ్వలేదు. కెమెరా పట్టుకున్నాయన కూడా దించేశాడు. ఆఫీసరు ఒక కాలు నేల మీద పెట్టాడు.

"రెండోది" అంది పిన్ని.