సరఫరా అధికారి మా అక్క

మా అక్క ఆసుపత్రి బట్టల స్టోర్‌లో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేసి రిటైరైంది. మూడు వారాల్లో ఇంట్లో దుప్పట్లన్నీ నాలుగుసార్లు మడతపెట్టింది. ఐదోసారి మొదలుపెట్టగానే బావ నాకు ఫోన్ చేశాడు. "బావమరిదీ, మీ అక్కకేదైనా పని చూడవయ్యా. అలమరాలు అయిపోయాయి, ఇక నన్నే మడతపెట్టేలా ఉంది."

సరిగ్గా అప్పుడే మా జట్టులో నాలుగో మనిషి తప్పుకున్నాడు. ఆదివారం మధ్యాహ్నాలు ఎవరింట్లో వాళ్లం కంప్యూటర్ ముందు కూర్చుని, హెడ్‌ఫోన్లు తగిలించుకుని యుద్ధం ఆడతాం: నేను, కళ్లద్దాల షాపాయన, డ్రాయింగ్ మాస్టారు. మాస్టారు జన్మలో తుపాకీ ముట్టలేదు. అయినా మాకు ఆయన మేజర్. ఆషామాషీ ఆట కాదు. ట్యాంకుకు ఇంధనం, గుండ్లు, ఆఖరికి సైనికుడు తాగే నీళ్లు కూడా అయిపోతుంటాయి. వాటిని లారీల్లో పంపడం నాలుగో మనిషి పని. నలుగురు లేకపోతే మేం పేరిచ్చిన పోటీలోంచి తీసేస్తారు.

ఆ పని అక్కకి అప్పగించాను. అక్క నాలుగు వందల పేజీల ఆట గైడును ప్రింటు తీయించి, అట్ట వేసి, పెన్సిలు పట్టుకుని చదివింది. మా ఇంట్లో, నా పక్కనే ఇంకో కంప్యూటర్ ముందు కూర్చుని నేర్చుకుంది. మొదటిరోజు లారీని నదిలోకి దింపింది. రెండోరోజు దాన్ని లాగడానికి పంపిన లారీని కూడా దింపింది. "రెండూ ఒకచోటే ఉన్నాయిగా, వెతుక్కునే పని లేదు" అంది. పట్టు వదిలే రకం కాదు. రెండు వారాలకు చేయి తిరిగింది.

అసలు పోటీ వచ్చింది. "అక్కగారూ, గుండ్లు అయిపోయాయి! లారీ పంపండి!" అని మేజర్ అరిచాడు.

"ఇందాక నలభై తీసుకున్నారు కదా మాస్టారూ, అన్నీ వాడేశారా? ఖాళీ పెట్టెలు ఎన్నున్నాయి?"

స్టోర్‌లో మాసిన దుప్పటి చేతికొస్తే గానీ ఉతికింది ఇవ్వని అలవాటు మరి. మేజర్ ఒకటీ రెండూ అని పైకి లెక్కపెడుతుండగానే ఆయన ట్యాంకు కాలి బూడిదైంది. ఆ వెనకే మేమూ. నాకు ఒళ్లు మండింది. "యుద్ధంలో ఈ ఆరాలేంటక్కా!" అనేశాను.

అక్క హెడ్‌ఫోన్లు తీసి టేబుల్ మీద పెట్టింది. "నాకిక ఏదీ చేతకాదులేరా. వేరే ఎవర్నైనా చూసుకోండి" అని చెప్పులేసుకుంది. నేను నాలుక కరుచుకున్నాను.

ఇంకొక్క ఆట ఓడితే ఇంటిదారే. అంతకంటే, అక్క మళ్లీ దుప్పట్ల దగ్గర కూర్చుంటుందనే నా బెంగ. మర్నాడు వెళ్లి బతిమాలాను. మాటల మధ్యలో అడిగాను, "ఆపరేషన్ థియేటర్‌ని కూడా ఇలాగే ఆపేదానివా?"

"పిచ్చా నీకు? కడుపు కోసి ఉన్న మనిషి దగ్గర లెక్కలడుగుతారా? అడక్కముందే మూటలు కట్టించి తలుపు దగ్గర పెట్టించేదాన్ని" అని గయ్యిమంది. అని, టక్కున ఆగింది. "ఇదీ థియేటరే కదరా!"

తర్వాతి ఆదివారం మేజర్ "గుండ్లు..." అని నోరు తెరిచాడో లేదో, "మీ వెనక గోడ పక్కనే ఉంది లారీ, తిరిగి చూడండి" అంది అక్క. కళ్లద్దాల షాపాయన అడగనైనా లేదు, ఇంధనం ఆయన్ని వెతుక్కుంటూ వెళ్లింది. గంటన్నరలో గెలిచాం. నేను గెంతులేస్తుంటే అక్క సంచీ తీసుకుని లేచింది.

"అక్కగారూ, వెళ్లిపోకండి. ఇంకో ఆట ఉంది. మీరు లేకపోతే మా వల్ల కాదు" అన్నాడు మేజర్.

అక్క మైకు ఆపి నా వైపు తిరిగింది. "రిటైరైన రోజు కేకు కోసి, ఫొటో తీసి నన్ను ఇంటికి పంపించేశార్రా. ఇంకాసేపు ఉండమని ఒక్కరూ అనలేదు" అంది. కళ్లు తుడుచుకుని, సంచీ కింద పెట్టి, మైకు వేసింది.

"చెప్పండి మాస్టారూ, ఎక్కడికి పంపమంటారు?"